మా బిడ్డ, మన బిడ్డ

నాలుగో తరగతి పిల్లలకు సర్వనామాలు చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒక చోట కాసేపు ఆగుతాం. 'మేము' అంటే ఏమిటి, 'మనం' అంటే ఏమిటి? ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో అలా కాదు. 'మేము అన్నానికి పోతున్నాం' అంటే వింటున్న నువ్వు అందులో లేవు. 'మనం అన్నానికి పోదాం' అంటే నువ్వూ ఉన్నావు. పిల్లలు ఈ తేడాను ఇట్టే పట్టుకుంటారు. అన్నం దగ్గర ఎవరిని కలుపుకున్నారో, ఎవరిని వదిలేశారో వాళ్లకు బాగా తెలుసు.

మాకు మాత్రం ఈ తేడా మొదటి బిడ్డ పుట్టినప్పుడే తెలిసింది. పుట్టిన బిడ్డ ఎవరిది? కన్నవాళ్లిద్దరిదేనా, చుట్టూ ఉన్నవాళ్లందరిదా? 'మా బిడ్డ' అనాలా, 'మన బిడ్డ' అనాలా? ఇది వ్యాకరణం ప్రశ్న కాదు. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఎవరు లేస్తారన్న ప్రశ్న. బిడ్డకు ఏది మంచో తేల్చే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్న కూడా.

మేము కోయవాళ్లం. మా ఇద్దరిలో ఒకరికి బడి, ఒకరికి ఇల్లు. 2007 నాటికి మాకు గోదావరి ఒడ్డున ఒక మండల కేంద్రంలో కాపురం. అప్పుడది ఖమ్మం జిల్లా, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. మా గూడెం అక్కడికి చాలా దూరం. మొదటి కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. కానీ పుట్టింటికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. వానాకాలం అది పొంగితే రోజుల తరబడి దాటలేం. అందుకని ఆసుపత్రికి దగ్గరగా అద్దె ఇంట్లోనే ఉండిపోయాం. పాప ఆసుపత్రిలోనే పుట్టింది. బరువు రెండున్నర కిలోలకు కొంచెం పైన.

అప్పుడు మాకు ఒక ధీమా ఉండేది. మేము చదువుకున్నాం. ఉపాధ్యాయ శిక్షణలో శిశువికాసం అనే పాఠం చదివి పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాం. ఏ నెలలో మెడ నిలుపుతుంది, ఏ నెలలో బోర్లా పడుతుంది, అన్నీ నోటికి వచ్చు. ఇక బిడ్డను పెంచడం ఎంతసేపు అనుకున్నాం.

అమ్మమ్మ వచ్చి ఇరవై రోజులు ఉంది. ఆ ఇరవై రోజులూ మేము బిడ్డను పెంచుతున్నామనే అనుకున్నాం. నిజానికి పెంచింది ఆమె. నాట్లు వచ్చాయి. నాటు పని ఆగదు, వాన ఎవరి కోసమూ కాసుకుని ఉండదు. ఆమె పోక తప్పలేదు. తండ్రికి ఇచ్చే పదిహేను రోజుల సెలవు అప్పటికే అయిపోయింది. పొద్దున బడికి పోయిన మనిషి సాయంత్రానికి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. అంతసేపూ ఆ నాలుగు గోడల మధ్య తల్లీ బిడ్డా ఇద్దరే.

పాఠంలో లేనివి అప్పుడు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. చంటిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. రాత్రికీ పగలుకూ తేడా దానికి తెలియదు. రోజులో ఎక్కువ గంటలు నిద్రపోతుంది గానీ, ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మా నిద్ర కూడా ముక్కలైంది. పాప ఏడ్చినప్పుడల్లా పాలు చాలడం లేదేమో అనిపించేది. బిడ్డ రోజుకు ఆరు సార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టేనని అప్పుడు మాకు తెలియదు. ఎంత తాగితే అంత ఊరుతాయనీ తెలియదు. భయపడి డబ్బా పాలు తెచ్చాం. తల్లికి కారణం లేకుండా కన్నీళ్లు వచ్చేవి. 'బంగారం లాంటి బిడ్డ పుట్టింది, ఎందుకు ఏడుపు' అని మేమే మమ్మల్ని గద్దించుకున్నాం. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో చాలామంది తల్లులకు అలా ఉంటుంది, మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ మాట చెప్పేవాళ్లు అప్పుడు మా దగ్గర ఎవరూ లేరు. మేమూ ఎవరినీ అడగలేదు. అడిగితే చేతకానివాళ్లం అనుకుంటారని.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఒక రాత్రి పాప రెండు గంటలు ఏకధాటిగా ఏడ్చింది. బయట వాన. మా ఇద్దరిలో తండ్రి అయిన మనిషి పిల్లను ఎత్తుకుని, ఎత్తుకుని, చివరికి 'ఊరుకో' అని అరిచాడు. చేతులు బిగుసుకున్నాయి. పిల్లను కుదిపేయబోయాడు. తల్లి మొహం చూసి ఆగాడు. చంటిబిడ్డకు మెడ నిలవదు. కోపంలో గట్టిగా కుదిపితే మెదడులో రక్తం చిమ్మి ప్రాణమే పోవచ్చు. బడిలో ఒక్క పిల్లవాడి మీద కూడా చెయ్యి ఎత్తకూడదని నియమం పెట్టుకున్న మనిషి, నెల నిండని సొంత బిడ్డ ముందు అలా నిలబడ్డాడు. చెడ్డవాళ్లే పిల్లలకు హాని చేస్తారని అప్పటిదాకా అనుకున్నాం. అలసిపోయి, ఒంటరిగా, ఎవరినీ పిలవలేని మనిషి కూడా ఆ అంచు దాకా పోతాడని ఆ రాత్రి తెలిసింది.

ఆ అరుపు విని ఎవరో తలుపు కొట్టారు. వెనక ఇంటి అవ్వ. కొండరెడ్ల అవ్వ, కొడుకు దగ్గర ఉండడానికి కొండ దిగి వచ్చింది. అంతకుముందు ఆమెతో మేము నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండం. తల మీద గోనెపట్టా కప్పుకుని వానలో వచ్చింది. లోపలికి వచ్చి ఏమీ అడగలేదు. పిల్లను తీసుకుని భుజాన వేసుకుంది. 'మన పిల్లని నే చూస్తా. మీరు పడుకోండి' అంది. మేము మొహమాటపడుతుంటే, 'పంతులూ, పడుకోమంటే నీక్కాదూ' అని కసిరింది. పడుకున్నాం. తెల్లారి లేచేసరికి పొయ్యి వెలిగి ఉంది, వేడినీళ్లు కాగుతున్నాయి, పాప ఆమె ఒడిలో నిద్రపోతోంది.

ఆమె ఆ తర్వాత రోజూ వచ్చేది. పాలు తాగాక బిడ్డను భుజాన నిలువుగా వేసుకుని వీపు నిమరడం ఆమె దగ్గరే నేర్చుకున్నాం. బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని పని చేసుకోవడం ఆమె దగ్గరే చూశాం. వారం గడిచాక ఒక చీర కొని ఇవ్వబోయాం. ఆమె తీసుకోలేదు. 'నా పిల్లల్ని మోసినోళ్లంతా పోయారు. వాళ్లకి నే ఏం కట్టాను?' అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. షాపులో తెచ్చిన సరుకుకు ఆ షాపువాడికే డబ్బు కట్టాలి. బిడ్డను ఎత్తిన చేతుల బాకీ అలా తీరదు. ఎత్తినవాళ్లు ముసలివాళ్లయి పోతారు. ఆ బాకీని వెనక్కి కట్టలేం, ముందుకే కట్టాలి. రేపు ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ ఏడ్చినప్పుడు లేవాలి. ఆమె గట్టు వేరు, తెగ వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. అయినా మొదటి రాత్రే 'మన పిల్ల' అంది. చదువుకున్న మేము 'మా బిడ్డ' అని తలుపు వేసుకుని కూర్చున్నాం.

కథ ఇక్కడితో ఆగితే ఎంతో బాగుండేది. ఆగలేదు.

పాపకు కడుపు ఉబ్బింది. కాళ్లు ముడుచుకుని ఏడ్చేది. అవ్వ చూసి, 'వాత పెడితే తగ్గుద్ది' అంది. ఇనుప ముక్క కాల్చి పొట్ట మీద చురకలు పెట్టడం. ఇది మన ప్రాంతాల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉంది, అందరికీ తెలిసిందే. మేము వద్దన్నాం. ఆమె తన కొడుకును పిలిచి చొక్కా ఎత్తించి పొట్ట మీద మచ్చలు చూపించింది. 'బతకలా వీడు? నే చంపుకున్నానా?' అంది.

దీనికి ఏం జవాబు చెప్పాలి? వాత వల్ల జబ్బు పోదు. నెలల బిడ్డకు కాలిన పుండు చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు, ఈలోగా అసలు వైద్యం ఆలస్యమవుతుంది. ఇది మాకు తెలుసు. కానీ ఎదురుగా ఉన్నది ఒక పుస్తకం కాదు, మనిషి. డాక్టరు లేని కొండ మీద, చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయంతో కొడుకును కాపాడుకున్నానని నమ్మిన తల్లి. వాత తప్పు అంటే, ఆ రోజు నువ్వు చేసింది తప్పు అన్నట్టే ఆమెకు వినపడుతుంది. పైగా మా బిడ్డను ఎత్తి మోసిన మనిషి. మా చేతుల నుంచి మా బిడ్డను కాపాడిన మనిషి.

సరైన జవాబు మాకు దొరకలేదు. భయంలో, కోపంలో నోటికి వచ్చింది అనేశాం. 'మా బిడ్డ, మేము చూసుకుంటాం. మేము చదువుకున్నవాళ్లం' అన్నాం. అవ్వ ఒక్క క్షణం మమ్మల్ని చూసింది. 'సరేలే, మీ పిల్ల' అని వెళ్లిపోయింది.

'మన పిల్ల' ఒక్క మాటతో 'మీ పిల్ల' అయిపోయింది.

పాపను ఆసుపత్రికి తీసుకుపోయాం. నర్సమ్మ చూసి అడిగిన మొదటి మాట, 'డబ్బా పాలు పడుతున్నారా?' సీసా సరిగ్గా ఉడకబెట్టకపోవడం, పొడి కొలత తప్పడం, అన్నీ మా దగ్గరే ఉన్నాయి. డబ్బా మాన్పించి, మాటిమాటికీ తల్లిపాలే పట్టమంది, ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా వద్దంది. రెండు మూడు రోజుల్లో పాప కుదుటపడింది. అంటే, చదువుకున్నాం అని ఎవరితో గొప్పలు పోయామో ఆమె వాత ఇంకా పెట్టనే లేదు. బిడ్డ కడుపు పాడుచేసింది చదువుకున్న మేమే.

నాలుగు రోజులు అవ్వ రాలేదు. ఐదో రోజు మేమే పాపను తీసుకుని పోయాం. వాత వద్దన్నందుకు క్షమించమని అడగలేదు. అది వద్దనడం సరైందే. 'మా బిడ్డ' అన్నందుకు అడిగాం. పాపను ఆమె ఒడిలో పెట్టాం. ఆమె చాలాసేపు పాప వేళ్లు విప్పుతూ కూర్చుంది. తర్వాత, 'నర్సమ్మ ఏం చెప్పింది?' అని అడిగింది. డబ్బా సంగతి దాచకుండా చెప్పాం. 'అట్టనా' అని నవ్వింది. ఆ సాయంత్రం మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఆమె వాతలను నమ్మడం మానేసిందని మేము చెప్పలేం. మా పాపకు పెట్టమని మాత్రం మళ్లీ అనలేదు.

ఇన్నేళ్లుగా ఆలోచించి మేము తేల్చుకున్నది ఇది. ఒడి మనది, జవాబుదారీ మాది. బిడ్డను ఎత్తుకోవడానికి, లాలించడానికి, రాత్రి లేవడానికి ఎన్ని చేతులు ఉంటే అంత మంచిది. అక్కడ 'మా బిడ్డ' అనడం పొగరు. కానీ బిడ్డ ఒంటికి ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు అనే చోట చివరి జవాబు కన్నవాళ్లే చెప్పాలి. అక్కడ పెద్దల మాట కాదనలేక, మొహమాటానికి తల ఊపి, ఆ బరువును అందరి మీదికీ నెట్టేస్తే అది పిరికితనం. సాయం తీసుకున్నంత మాత్రాన నిజం చెప్పే హక్కు పోదు. నిజం మన పక్షాన ఉన్నంత మాత్రాన మనిషిని బయటికి నెట్టే హక్కు రాదు.

ఎక్కువ చేతులు కావాలన్నది మన గూడేల అలవాటు మాత్రమే కాదు. మనిషి జాతి ఇలాగే బతికిందని చదువుకున్నవాళ్లు కూడా చెబుతున్నారు. సారా హ్రడీ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 2009లో ఒక పుస్తకం రాసింది. మనిషి బిడ్డను తల్లి ఒక్కతే పెంచగలిగి ఉండేది కాదనీ, అమ్మమ్మలు, అక్కలు, తండ్రులు, ఇరుగుపొరుగు కలిసి పెంచబట్టే మనిషి మనిషి అయ్యాడనీ ఆమె వాదన. మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే అకా అనే ఆదివాసుల మీద బారీ హ్యూలెట్ అనే పండితుడు పరిశోధన చేశాడు. అక్కడి తండ్రులు రోజులో దాదాపు సగం సేపు చంటిబిడ్డకు చెయ్యి అందేంత దూరంలోనే ఉంటారని రాశాడు. అడవికి పోయినా, వేటకు పోయినా బిడ్డను దగ్గర పెట్టుకుంటారు.

పాతదంతా తప్పు కాదనడానికి ఇంకో సంగతి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, బరువు తక్కువ పిల్లలను వెచ్చగా ఉంచే యంత్రాలు చాలక, డాక్టర్లు ఆ పిల్లలను తల్లి రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టడం మొదలుపెట్టారు. దానికి కంగారూ పద్ధతి అని పేరు. ఈ రోజు మన ఆసుపత్రుల్లోనూ అదే చెబుతున్నారు. అవ్వ గుడ్డతో బిడ్డను ఒంటికి కట్టుకున్నప్పుడు మాకు అది పల్లెటూరి పద్ధతిగా కనపడింది. ముర్రుపాలు పిండి పారబోయడం కూడా పాత పద్ధతే, వాత కూడా పాత పద్ధతే. కాబట్టి పాతదా, కొత్తదా అని కాదు అడగాల్సింది. బిడ్డను దగ్గరకు తీసుకునేదీ, పాలు అందించేదీ ఏదైనా ఉంచుకుందాం. బిడ్డను కాల్చేదీ, కోసేదీ, పాలకు దూరం చేసేదీ ఏదైనా వదిలేద్దాం. ఈ లెక్కన చూస్తే అవ్వ వాత వదలాలి, మా డబ్బా కూడా వదలాలి.

'మన బిడ్డ' అనే మాటలోనూ ఒక మోసం ఉంది. తోటి ఉపాధ్యాయులకు అది రోజూ కనపడుతూనే ఉంటుంది. తునికాకు రోజుల్లో, నాట్ల రోజుల్లో బడికి రాని ఆడపిల్లలు ఎక్కడున్నారని ఇంటికి పోయి చూస్తే, చంకలో చంటి తమ్ముడో చెల్లెలో ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల, బిడ్డ బరువుకు ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంటుంది. అందరం కలిసి పెంచుతాం అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ అందరిలో మగవాళ్లు ఎందరు? నాట్లకు పోయే తల్లిని తప్పుపట్టలేం. కన్న తల్లికి కనీసం 6000 రూపాయల సాయం హక్కు అని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది గానీ, కూలికి పోయే తల్లికి ఉద్యోగినికి ఉన్నట్టు నెలల తరబడి సెలవు లేదు. కానీ రచ్చబండ దగ్గర కూర్చున్న తండ్రి చంకలోకి ఎందుకు పోదు ఆ బిడ్డ? అందరిలోకీ చిన్నదాని చదువు లాక్కుని పెంచితే, అది 'మనం' కాదు. ఒకరిని బయట పెట్టి మిగతావాళ్లం అనుకునే 'మేము' మాత్రమే.

కొత్తగా పెళ్లయిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది కొంచెమే. బిడ్డ పుట్టాక మొదటి నెలల్లో మీరు ఓడిపోయినట్టు అనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది. కోపం వస్తే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి గుమ్మం బయటికి రండి. ఏడిస్తే ఏడవనీ, కాసేపట్లో ఏమీ కాదు. చల్లబడి లోపలికి పోండి. పక్కింటి తలుపు కొట్టండి. ఆశా అక్క ఇంటికి వస్తే దాచకుండా చెప్పండి. తండ్రులారా, బిడ్డ బరువు మీ భుజానికి తెలియాలి. తలుపు కొట్టడం చేతకానితనం అని మేము అనుకున్నాం. ఆ అనుకోవడమే మమ్మల్ని ఆ రాత్రి అంచు దాకా తీసుకుపోయింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పాప ఇప్పుడు కాలేజీ చదువుతోంది. ఆమెకు అవ్వ గుర్తు లేదు. ఎవరి ఒడిలో పెరిగామో ఎవరికీ గుర్తుండదు. మేము ఉంటున్న వీధిలో మొన్న ఒక కొత్త జంట దిగింది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం, వేరే ప్రాంతం వాళ్లు, రెండు నెలల బాబు. రాత్రిళ్లు ఏడుపు వినపడుతోంది. మొదటి రాత్రి, పిలవకుండా పోతే ఏమనుకుంటారో అని పడుకునే ఉన్నాం. రెండో రాత్రి లేచి పోయి తలుపు కొట్టాం. ఆ అమ్మాయి తలుపు తీసి, 'మా బాబు వల్ల మీకు నిద్ర చెడిపోతోందా అండీ' అని భయంగా అడిగింది.

లేదమ్మా, మన బాబును ఎత్తుకుందామని వచ్చాం, అన్నాం.